అర లీటరు స్టీలు బాటిల్

గాజువాక,
7 ఏప్రిల్ 2025, సోమవారం

బావా,

కుర్చీ ఎక్కి కూర్చుని రాస్తున్నాను. ఒకప్పుడు పోర్టులో క్రేన్ ఎక్కేవాణ్ణి, ఇప్పుడు డయాలసిస్ కుర్చీ ఎక్కుతున్నాను. ఎడమ చేతిలో సూదులు, కుడి చేతిలో పెన్ను. పక్కన మెషీను నా రక్తాన్ని చాకలి బట్టల్లా ఉతుకుతోంది. నాలుగు గంటలు కదలకూడదు. నీకు ఫోన్ చేస్తే ఏం లాభం? సామాన్ల మోతలో నీ చెవులు ఎప్పుడో పోయాయి. నేనిక్కడ అరిస్తే వార్డంతా లేచి కూర్చుంటుంది, అక్కడ నువ్వు మాత్రం "ఏటి? ఏటన్నావు?" అంటావు. అందుకే ఉత్తరం.

నాకు ఒక వాటర్ బాటిల్ కావాలి. నవ్వకు. తగరపువలసలో పెద్ద స్టీలు సామాన్ల కొట్టున్న బావ ఉండి కూడా నేను పారేసిన ప్లాస్టిక్ బాటిళ్లు కడుక్కుని వాడుతున్నాను. మొన్న బస్సులో టిఫిన్ క్యారేజీ కింద పడి అలాంటిది ఒకటి చిట్లింది. సంచంతా నీళ్లు. డాక్టరు నాకు రోజుకు అర లీటరు నీళ్లే అన్నాడు. టీ, చారు, మజ్జిగ అన్నీ కలిపి పైన ఇంకో గ్లాసు. కిడ్నీలు పనిచెయ్యని మనిషికి తాగిన నీళ్లు బయటికి పోవు, ఒంట్లోనే ఉండిపోతాయి. పొద్దున్నే బాటిల్లో కొలిచి పోసుకుంటే సాయంత్రం దాకా అదే నా ఆస్తి. ఆ రోజు ఎంత తాగానో, ఎంత కారిపోయిందో తెలియక, భయపడి, మళ్లీ నాలుక కూడా తడుపుకోలేదు.

కాబట్టి స్టీలుది కావాలి. సరిగ్గా అర లీటరే పట్టాలి. మూత కారకూడదు. లోపల చెయ్యి పెట్టి తోముకునేంత మూతి ఉండాలి. రంగులూ బొమ్మలూ వద్దు. ధర మా ఇంటికి తగ్గట్టు ఉండాలి. గట్టిగా పది కాలాలు ఉండాలి. నేను లేకపోయినా మావాడు రోహిత్ కాలేజీకి పట్టుకెళ్తాడు.

ఇంకో మాట. చంద్రిక పోయిన నెల ఇక్కడికి వచ్చి, తన కిడ్నీ నాకు కలుస్తుందో లేదో చూసే పరీక్షలకి రక్తం ఇచ్చి వెళ్లింది కదా. పాతనగరానికి సరుకు కొనడానికి వచ్చినప్పుడు రిపోర్టు నువ్వే తీసుకుంటానన్నావు. వచ్చిందా? మా ఆవిడ కనకరత్నానికి షుగరు, దాని కిడ్నీ తీసుకోరు. రోహిత్‌కి ఇంకా పద్దెనిమిది నిండలేదు. మిగిలింది నా చెల్లెలొక్కతే. తొందరేం లేదని రాద్దామనుకున్నాను. ఉంది, బావా.

నీ బావ,
గవర్రాజు

తగరపువలస,
12 ఏప్రిల్ 2025

బావకి, శ్రీరామ్మూర్తి రాసేది.

బాటిల్ కావాలని నాలుగు ముక్కలు రాసి పడేశావు. నా దగ్గరికి వచ్చేవాళ్లందరూ ఇంతే. "ఓ మంచి బాటిలియ్యి" అంటారు, మంచిదంటే ఏమిటో వాళ్లకి తెలియదు. రంగు చూస్తారు, మూతకి వేలాడే తాడు చూస్తారు, కొనేస్తారు. బాటిల్లో ముందు చూడాల్సింది మూత లోపలుండే రబ్బరు రింగు. అది విడిగా దొరికే రకం కొనాలి. రింగు పోయిందని బాటిలంతా పారేసినవాళ్లు ఎంతమందో! రెండు పొరల ఫ్లాస్కు రకం చల్లగా ఉంచుతుంది నిజమే, కానీ ఒకసారి కింద పడి లోపలి పొర దెబ్బతింటే మామూలు చెంబుకీ దానికీ తేడా ఉండదు. ధర మాత్రం మూడింతలు. రాగి బాటిళ్ల పిచ్చి ఒకటి పట్టుకుంది జనానికి. అందులో నిమ్మకాయ నీళ్లూ మజ్జిగా పోసుకుని, వాంతులవుతున్నాయని నా మీదికే వస్తారు. నీకు వీటిలో ఏదీ వద్దు. ఒకే పొర, మందం రేకు, తళతళ లేని స్టీలు. కింద పడితే సొట్ట పడుతుందే తప్ప కారదు.

అర లీటరుది మాత్రం పంపను. అది బడిపిల్లలు మెళ్లో వేసుకునే సైజు. అంత క్రేను నడిపినవాడివి, అంత మనిషివి, చేత్తో అది పట్టుకుని ఆసుపత్రికి వెళ్తుంటే నాకే చిన్నతనంగా ఉంటుంది. లీటరుది పంపుతున్నాను. సగం పోసుకో, సరిపోతుంది. బస్సు డ్రైవరు ఎల్లాజీ చేతికిచ్చాను, గాజువాక డిపోలో అడిగి తీసుకో. ధర మాట ఎత్తకు, ఎత్తితే నీ చెల్లెలు నన్ను ఇంట్లోకి రానివ్వదు.

ఇంకోటి చెబుతాను, కోప్పడకు. ఈ ఎండల్లో మనిషిని నీళ్లు తాగొద్దంటే ఎలా? డాక్టర్లు ఒకటి చెబితే మనం సగం వినాలి. మా అమ్మని కూడా ఏవేవో మానమన్నారు.

రిపోర్టు ఇంకా రాలేదన్నారు. చంద్రిక బాగానే ఉంది. పెళ్లిళ్ల సీజను, కొట్లో ఇద్దరికీ ఊపిరాడటం లేదు. మా చెల్లెమ్మ కనకరత్నాన్ని అడిగానని చెప్పు.

శ్రీరామ్మూర్తి

గాజువాక,
21 ఏప్రిల్ 2025, సోమవారం

బావా,

నీ లీటరు బాటిల్ నన్ను దాదాపు పంపించేసింది.

నీ తప్పని అనడం లేదు. కానీ స్టీలు లోపల సగం ఎక్కడో స్టీలుకి తెలుసు, నాకేం తెలుస్తుంది? పోయిన శనివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. సముద్రం మీంచి గాలి లేదు, ఒళ్లంతా జిగట. కనకరత్నం రేషను కొట్టుకి వెళ్లింది. ఒక గుక్క తాగాను. బరువు చూస్తే ఇంకా ఉన్నట్టే అనిపించింది. ఇంకో గుక్క తాగాను. ఆపైన అబద్ధం ఎందుకు, కుండలోంచి మళ్లీ నింపుకుని తాగాను. నీళ్లు గొంతులోంచి దిగుతుంటే నాకు ఏడుపొచ్చింది, అంత బాగున్నాయి. సాయంత్రానికి ఊపిరి అందలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. ఆటోలో ఆసుపత్రికి తెచ్చి అప్పటికప్పుడు మెషీను మీద వేశారు. కనకరత్నం నన్ను తిట్టలేదు. బాటిల్ తీసి మంచం కింద పెట్టి, దాని వైపు చూస్తూ కూర్చుంది.

నీకు దాహమంటే ఎండలో తిరిగొచ్చినప్పుడు వేసేది. నాది అది కాదు. పక్కింటివాళ్లు పైపుతో మొక్కలకి నీళ్లు పెడుతుంటే ఆ మొక్కల మీద అసూయ పడ్డాను, యాభై దాటినవాణ్ణి. కుళాయి చప్పుడు వింటే లేచి వేరే గదిలోకి వెళ్తాను. డాక్టరు మాట సగం వినమన్నావు చూడు, ఆ సగమే ఇది.

నా పక్క కుర్చీలో ఎల్లారావని జాలరిపేట మనిషి ఉంటాడు. బాటిల్ మూతలో పోసుకుని నాకినట్టు తాగుతాడు. నన్ను చూసి జాలిపడతాడు. "నాను సంద్రం మీద పెరిగినోణ్ణి బావా. సుట్టూ నీళ్లే, తాగడానికి గుక్కెడుండవు. నాకిది అలవాటే. నువ్వే కొత్తగా సస్తన్నావు" అంటాడు.

కాబట్టి అర లీటరుది పంపు. చిన్నపిల్లాడి సైజైనా ఫర్వాలేదు, నా పెద్దరికం ఆ మెషీను దగ్గరే పోయింది. ఆ రిపోర్టు వీళ్లకి ఈపాటికి వచ్చి ఉండాలంటున్నారు. ఒకసారి కనుక్కో. నేనే అడగొచ్చు, కానీ కాదంటే ఆ మాట తెల్లకోటు మనిషి నోట వినే ధైర్యం లేదు. నీ నోట వింటే కొంచెం నయంగా ఉంటుంది.

నీ
గవర్రాజు

తగరపువలస,
26 ఏప్రిల్ 2025

బావా,

నీ ఉత్తరం చదివి కొట్లో కూర్చోలేకపోయాను. షట్టరు సగం దించేసి వెనక గోడౌన్లో కూర్చున్నాను. చంద్రిక వచ్చి "ఏటయ్యింది, ఒంట్లో బాగోలేదా?" అని చేత్తో అడిగింది. తలనొప్పన్నాను. నీకు ఊపిరాడని సంగతి దానికి చెప్పలేదు. ఆ లీటరు బాటిల్ ఎవరికైనా ఇచ్చెయ్యి, ఇంట్లో ఉంచుకోకు.

ఇదిగో, అర లీటరుది పంపుతున్నాను. ఇంతకంటే గట్టిది నా కొట్లో లేదు. నీళ్లు పోసి తలకిందులుగా వేలాడదీసి ఒక పూటంతా చూశాను, చుక్క రాలేదు. రింగులు రెండు విడిగా పెట్టాను. పొద్దున్న దీని నిండా పోసుకో, అంతే. కొలవక్కర్లేదు, అంచనా వెయ్యక్కర్లేదు. వార్డులో ఒకరిది ఒకరు పట్టుకెళ్లకుండా పేర్లు కొట్టే మిషనుతో నీ పేరు నా చేత్తో నేనే కొట్టాను. కుర్రాడికి ఇవ్వలేదు.

రిపోర్టు వచ్చింది. మంగళవారం వెళ్లి తీసుకున్నాను. కలవలేదు, బావా. చంద్రిక కిడ్నీ నీకు పనికిరాదన్నారు. దానికి చెప్పాను. రెండు రోజులు వంటింట్లోంచి బయటికి రాలేదు.

నేనింకేం రాయలేను.

శ్రీరామ్మూర్తి

గాజువాక,
5 మే 2025, సోమవారం

బావా,

నువ్వు "కలవలేదు" అని రాసిన ముక్క చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. కనకరత్నం "ఏమన్నారు?" అంది. "బాటిల్ పంపాడు" అన్నాను. తర్వాత చెప్పాను. అది బియ్యం ఏరుతూ కూర్చుంది, ఏరిన బియ్యమే మళ్లీ ఏరింది.

ఇన్నాళ్లూ ఏదో ఒక రోజు ఈ కుర్చీలోంచి లేచి వెళ్లిపోతానని, మళ్లీ క్రేను ఎక్కకపోయినా బీచి రోడ్డు మీద ఒక కొబ్బరిబోండాం నిండుగా తాగుతానని ఉండేది. అంత చిన్న కోరిక. ఇప్పుడు అది కూడా కోరుకోవడం మానేశాను. వారానికి మూడుసార్లు ఇక్కడికి రావడం, మిగతా రోజులు దీనికోసం ఎదురుచూడటం, ఇదే నా ఉద్యోగం. దీనికి రిటైర్మెంటు ఎలా ఉంటుందో వార్డులో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఒక కుర్చీ ఖాళీ అవుతుంది, రెండు రోజుల్లో కొత్త మనిషి కూర్చుంటాడు.

బాటిల్ మంచిది. నిజంగానే కారదు. నా పేరు గుండ్రటి అక్షరాలతో బాగా కొట్టావు. చంద్రిక తప్పేం లేదని దానికి గట్టిగా చెప్పు. కలవకపోతే అదేం చేస్తుంది?

ఒక తమాషా జరిగింది. ఎల్లారావు నా బాటిల్ తీసుకుని ట్యూబులైటు కిందికి ఎత్తి తిప్పి తిప్పి చూశాడు. "బావా, నీ పేరు కింద ఇంకో పేరున్నాది. ఎవులీ తాతబాబు?" అన్నాడు. నేనూ చూశాను. పాలిష్ పట్టి చెరిపేశావు గానీ, ఒక వాటంగా పట్టుకుంటే కనిపిస్తోంది. ఎవరో కీర్తిశేషులు తాతబాబు గారి జ్ఞాపకార్థం అట. కింద ఆయన పుట్టిన తేదీ, పోయిన తేదీ. పెద్దకర్మకి పంచిన బాటిల్ మీద నా పేరు కొట్టి పంపావు.

ఎల్లారావూ నేనూ తెగ నవ్వాం. నర్సు వచ్చి సూదులు కదులుతాయని కసిరింది. ఇంటికి వెళ్లాక నవ్వు రాలేదు. ఆయన పేరు మీద నా పేరు, నా పేరు పక్కన ఇంకా చోటుంది.

నీకు వీలు కుదిరినప్పుడు రాయి.

గవర్రాజు

తగరపువలస,
10 మే 2025

బావకి,

తప్పయిపోయింది. కానీ నువ్వనుకున్నట్టు చవగ్గా వదిలించుకోవాలని పంపింది కాదు. అది ముందు నమ్ము.

ఈ చుట్టుపక్కల ఇప్పుడు పెద్దకర్మకి కంచాలూ గ్లాసులూ పంచడం మానేసి బాటిళ్లు పంచుతున్నారు. ఆ తాతబాబు గారిది ఆనందపురం దగ్గర ఒక ఊరు. తొంభై ఏళ్లు బతికి, పొలానికి వెళ్లొచ్చి, అన్నం తిని, పడుకుని పోయాడు. కొడుకులు ఆర్డరిచ్చిన వాటిలో కొన్ని మిగిలిపోయాయి. నా అనుభవంలో చెబుతున్నాను, పెళ్లికి పంచే సామాన్లకి మనవాళ్లు బేరమాడతారు, రేకు పల్చగా ఉన్నా ఫర్వాలేదంటారు. పోయినవాళ్ల పేరు మీద పంచేదానికి ఎవరూ బేరమాడరు. నాసిరకం ఇస్తే పెద్దాయనకి పేరు పోతుందని భయం. అందుకని నా కొట్లో అన్నిటికంటే గట్టి సరుకు అదే. నువ్వు గట్టిదే కావాలన్నావు. పేరు చెరిపితే సరిపోతుందనుకున్నాను. నీ కళ్లు ఇంకా బాగున్నాయి, నాకదే సంతోషం.

వేరేది పంపమంటే పంపుతాను. దీనంత గట్టిగా ఉండదు.

ప్రభుత్వం జాబితాలో నీ పేరు రాయించు. ఎవరో ఒకరు యాక్సిడెంటులో పోతూనే ఉంటారు, వాళ్ల కిడ్నీలు వస్తాయి. పాపం, అలా అనకూడదు, కానీ వస్తాయి కదా.

వచ్చే శనివారం చంద్రిక నిన్ను చూడటానికి వస్తానంటోంది. ఒక్క మాట వింటావా? ఆ రిపోర్టు సంగతి దాని దగ్గర ఎత్తకు. కలవలేదన్న దగ్గర్నుంచి తిండి సరిగా తినడం లేదు. నువ్వు ఓదార్చినా సరే ఏడుస్తుంది. బాటిల్ గురించో, రోహిత్ చదువు గురించో మాట్లాడు.

శ్రీరామ్మూర్తి

గాజువాక,
19 మే 2025, సోమవారం

శ్రీరామ్మూర్తి గారికి,

నమస్కారం. మీరు క్షేమమని తలుస్తాను.

శుక్రవారం నేను కుర్చీలో ఉండగా కిడ్నీ మార్పిడి వ్యవహారాలు చూసే అమ్మాయి వచ్చింది. ఆశ అని, మంచి పిల్ల, నవ్వుతూ మాట్లాడుతుంది. "మీ చెల్లెలుగారు మనసు మార్చుకోలేదా సార్?" అంది. నాకు అర్థం కాలేదు. "మ్యాచ్ బాగా అయింది కదా సార్. మీ బావగారొచ్చి రిపోర్టు పట్టుకెళ్తూ, ఆవిడకి ఇష్టం లేదంటున్నాది, మళ్లీ ఫోన్ చేసి ఇబ్బంది పెట్టొద్దన్నారు. ఇష్టం లేనోళ్లని మేం అడగం" అంది. నా మొహం చూసి, చెప్పకూడనిది చెప్పానేమోనని కంగారుపడి వెళ్లిపోయింది.

మీ భార్యగారికి ఇష్టం లేకపోవడం తప్పు కాదు. ఆవిడ ఒళ్లు ఆవిడది. ఇవ్వను అన్నయ్యా, భయంగా ఉంది అని ఒక్క ముక్క నాతో అంటే నేను కాళ్ల మీద పడి అడిగేవాణ్ణా? చిన్నప్పుడు నా భుజాల మీద కూర్చుని సింహాచలం మెట్లెక్కిన పిల్ల, నాకొక మాట చెప్పలేకపోయింది. కలవలేదని మీచేత రాయించింది. ఆ ముక్క చదివి నేను ఆశ వదులుకున్నాను. వదులుకోవడం ఎంత కష్టమో మీకెవరికీ తెలియదు. ఉన్న ఆశని వదులుకున్నాక, అది నిజంగానే ఉండేదని తెలిస్తే ఎలా ఉంటుందో అసలే తెలియదు.

శనివారం ఆవిడ వచ్చారు. సంచిలో ఏవో తెచ్చారు. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. "అన్నియ్యా, నామీద కోపమేటి?" అని పాదాలు పట్టుకున్నారు. లాక్కున్నాను. కనకరత్నం ఎంత చెప్పినా తిరగలేదు. వెళ్లిపోయేటప్పుడు మా గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న చప్పుడు చాలాసేపు వినపడింది. అప్పుడు కూడా తిరగలేదు.

మీ బాటిల్ ఎల్లాజీ చేత తిప్పి పంపుతున్నాను. ఇకమీదట మీ ఇద్దరూ మా ఇంటికి రానక్కర్లేదు. ఎలాగూ ఒక రోజు కబురొస్తుంది, దానికి వస్తే చాలు.

ఇట్లు,
గవర్రాజు

తగరపువలస,
24 మే 2025

బావా,

మీరు అని రాశావు. నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేది.

చంద్రికని ఏమీ అనకు. దానికేమీ తెలియదు. కలవలేదనే అది నమ్ముతోంది. నేనే చెప్పాను అలా. నీకూ దానికీ ఒకే అబద్ధం చెప్పాను.

ఆ అమ్మాయి రిపోర్టు నా చేతికిచ్చి కాగితం మీద రాసి చూపించింది, నాకు వినపడదని. బాగా కలిసింది, ఇంక ఆవిడని తీసుకురండి, మీరూ సంతకం పెట్టాలి అని. నేను ఆ కాగితం చూస్తూ నిలబడ్డాను. మా అమ్మ కడుపులో గడ్డకి చిన్న ఆపరేషనని నడిచి వెళ్లి, తిరిగి రాలేదు. తలుపు మూశారు, మళ్లీ తెరిచాక వేరే మాట చెప్పారు. నా కళ్లకి ఆ తలుపే కనిపించింది. ఇష్టం లేదంటున్నాది అని ఆ అమ్మాయితో చెప్పేసి బయటికి వచ్చేశాను. నా నోటికి అంత వేగంగా అబద్ధం వస్తుందని నాకే తెలియదు.

నీకు తెలుసు కదా, నాకు లోకం వినపడదు. కొట్టుకి ఎవరొచ్చినా చంద్రికే విని, నా వైపు తిరిగి పెదాలు కదిపి చెబుతుంది. బేరం, తిట్టు, పెళ్లిపిలుపు, అన్నీ దాని మొహంలోనే వింటాను. అది లేకపోతే నేను మూగ గోడల మధ్య కూర్చున్నట్టే. నా కోసమే చూసుకున్నాను. అది నిజం. నీకు బాటిళ్ల గురించి అంత పొడుగు ఉత్తరాలు రాసింది కూడా అందుకే, రిపోర్టు దగ్గరికి రాకూడదని. నీకు కావలసింది ఒకటైతే, నా కొట్లో ఉన్నది పంపుతూ కూర్చున్నాను.

శనివారం ఇంటికొచ్చి చంద్రిక చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత కొంగు తీసి, "నా కిడ్నీ పనికిరాలేదని అన్నియ్యకి నామీద కోపమొచ్చీసినాది. నా మొగం సూడనేదు" అంది. ఆ పెదాలు నేను చదివాను. చదవకుండా ఉంటే బాగుండేదనిపించింది.

నిన్ను బతిమాలుకుంటున్నాను. దానికి చెప్పకు. చెబితే అది ఈ రోజే బయలుదేరి వస్తుంది, నన్ను వదిలేసి వస్తుంది. నీకు ఇంకేదైనా దారి చూద్దాం. జాబితా ఉంది, ఇంకా పెద్ద ఆసుపత్రులున్నాయి. నీ ఉత్తరం కొట్టుకి వచ్చింది కాబట్టి సరిపోయింది. ఇంటికి వస్తే అదే విప్పుతుంది. మళ్లీ రాస్తే కొట్టుకే రాయి.

నన్ను తిట్టు. నువ్వు అని తిట్టు.

శ్రీరామ్మూర్తి

గాజువాక,
2 జూన్ 2025, సోమవారం

బావా,

నువ్వు అనే రాస్తున్నాను. మీరు అంటూ తిట్టడానికి ఓపిక లేదు.

నిన్న చంద్రిక కనకరత్నానికి ఫోన్ చేసింది. నేను తీసుకున్నాను. "కోపం కాదమ్మా, ఆ రోజు ఆయాసంగా ఉండి అటు తిరిగి పడుకున్నాను" అన్నాను. వెంటనే నమ్మేసింది. చిన్నప్పట్నుంచీ నేను ఏం చెప్పినా నమ్ముతుంది. "ఆదివారం వత్తాను అన్నియ్యా, సేపల పులుసు తెత్తాను, నీళ్లగా సెయ్యనులే" అంది. ఫోన్ పెట్టేశాక కనకరత్నం నా వైపు చూసింది. దానికి నీ ఉత్తరం చదివి వినిపించాను. అది లేచి వెళ్లి కుండ మీద మూత సరిచేసింది, మూత సరిగానే ఉంది.

ఇప్పుడు మనిద్దరం అబద్ధాలాడినవాళ్లమే. నా అబద్ధం అది ఏడవకుండా ఉండటానికి. నీది కూడా అలాంటిదేనని నువ్వంటావు. కానీ నీ అబద్ధం నన్ను చంపుతోంది. నేను కథలు చెప్పడం లేదు. కాళ్ల వాపు మోకాళ్ల దాకా వచ్చింది, ఎడమ చేతిలో నరం మూసుకుపోతోందన్నారు. ఈ చెయ్యి అయిపోతే మెడ దగ్గర సూది వేస్తారు. ఆపైన ఎక్కడ వేస్తారో నేను అడగలేదు.

నీ భయం నాకు అర్థమైంది. అర్థం కాకపోతే బాగుండేది, హాయిగా అసహ్యించుకునేవాణ్ణి. దానికి ఏమైనా అయితే నేను కూడా బతకలేను, నా ఒంట్లో దాని కిడ్నీ ఆడుతున్నా సరే. ఆ సంగతి నువ్వు నన్నడగలేదు. అడిగుంటే ఇద్దరం కూర్చుని భయపడేవాళ్లం. నువ్వొక్కడివే భయపడి, నువ్వొక్కడివే తేల్చేశావు.

నేను చంద్రికకి చెప్పను. ఇది మంచితనం అనుకోకు. నేను చెబితే అది నీ ఇంట్లో నీ మొహం చూస్తూ ఎలా ఉంటుంది? నీకు పెదాలు కదిపి ఎలా చెబుతుంది? ఇస్తే నిన్ను ద్వేషిస్తూ ఇస్తుంది, ఇవ్వకపోతే తనని తాను తిట్టుకుంటుంది. నువ్వు చెబితే వేరు. నువ్వు ఎదురుగా కూర్చుని, కలిసిందే, నాకు భయమేసి అబద్ధమాడానే అని చెబితే, అది నిన్ను రెండు రోజులు తిట్టి, ఆపైన ఆలోచించుకుంటుంది. ఆలోచించుకుని వద్దంటే నేను నోరెత్తను. నా చెల్లెలు వద్దందని తెలిసి చావొచ్చు. నా బావ దాన్ని అడగనివ్వలేదని తెలిసి చావడం నావల్ల కావడం లేదు.

ఈ ఉత్తరానికి ముందు మీ ఇంటి చిరునామా రాశాను. కవరు అంటించాను కూడా. పోస్టుడబ్బా దాకా వెళ్లి, అక్కడ నిలబడి, వెనక్కొచ్చి చించేశాను. ఇప్పుడు వేరే కవరు మీద కొట్టు చిరునామా రాస్తున్నాను. వచ్చేసారి కూడా ఇలాగే చేస్తానని మాట ఇవ్వలేను.

నాకు బతకాలని ఉంది, బావా.

గవర్రాజు